‘క్రేవింగ్’ అంటే ఉత్త కోరిక కాదు: ఈ ఇంగ్లీషు మాటని ఎప్పుడు, ఎట్లా వాడాలో మొదట్నుంచి చివరిదాకా

పోయిన నెలలో మా కాలనీ పిల్లోడు ఒకడు ఉద్యోగానికి పంపే లెటర్ నా ఫోన్‌కి పెట్టి అక్కా ఒకసారి చూడు అన్నాడు, చూస్తే మొదటి లైన్లోనే ‘ఐ యామ్ క్రేవింగ్ ఫర్ దిస్ జాబ్’ అని ఉంది. నాకు నవ్వాగలేదు. వాడి తప్పేం లేదు పాపం, ఫోన్‌లో ‘కోరుకుంటున్నాను’ అని కొడితే వచ్చిన నాలుగైదు మాటల్లో కాస్త స్టైల్‌గా కనిపించిందాన్ని ఏరుకున్నాడు. కానీ ఆ లైన్ చదివే హెచ్‌ఆర్ మేడమ్‌కి అది ఎట్లా వినపడుతుందంటే, ఈ ఉద్యోగం తలుచుకుంటే నాకు నోట్లో నీళ్ళూరుతా ఉన్నాయి మేడమ్, అన్నట్టు వినపడుతుంది.

సాయంత్రం పూట తిరుపతిలో మా ఇంట్లోనే ఒక పది పన్నెండు మందికి స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటాను, అందులో డిగ్రీ పిల్లలు ఉన్నారు, ఇద్దరు గృహిణులు ఉన్నారు, హోటల్ రిసెప్షన్‌లో పనిచేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ మధ్య అందరూ అడిగే మాట ఇదే. ఫుడ్ యాప్ నోటిఫికేషన్‌లో క్రేవింగ్, రీల్స్‌లో క్రేవింగ్, డాక్టరమ్మ దగ్గర క్రేవింగ్, చివరికి కోర్టు కాయితాల్లో కూడా క్రేవ్. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి అంతా ఒకచోట రాసేస్తున్నా. అలిపిరి నుంచి కొండకి 3550 మెట్లు అంటారు, శ్రీవారి మెట్టు దారిలో 2388, మనకి అన్ని అక్కర్లేదు, ఎనిమిది మెట్లు ఎక్కితే చాలు.

మొదటి మెట్టు: ముందు నోరు తిరగనీండి

సీ, ఆర్, ఏ, వీ, ఈ. క్రేవ్. బ్రేవ్, సేవ్ ఎట్లా పలుకుతామో అట్లాగే, ఆఖర్న వ్ దగ్గర పైపళ్ళు కింది పెదవికి తగలాలి. జరిగిపోయిన పనికి క్రేవ్డ్ అనాలి, ‘క్రేవెడ్’ అని రెండు ముక్కలు చేయకూడదు. స్పెల్లింగ్‌లో ఏ, ఆర్ తారుమారైతే కార్వ్ అయిపోతుంది, కార్వింగ్ అంటే చెక్కడం, ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్క మీద బొమ్మలు తీస్తారే, అది. ‘ఐ యామ్ కార్వింగ్ బిర్యానీ’ అని స్టేటస్ పెట్టినవాళ్ళని నా కళ్ళారా చూశా. ఇంకొకటి, క్రేవెన్ అని ఒక మాట ఉంది, అంటే పిరికి అని. అది దీనికి చుట్టం కాదు.

రెండో మెట్టు: అసలు అర్థం మన సామెతలోనే ఉంది

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అని మన పెద్దోళ్ళు ఎప్పుడో చెప్పేశారు. ఆకలేసినోడికి ఏది పెట్టినా అమృతమే. హంగర్ అంటే అదే. క్రేవింగ్ అంటే దీన్ని తిరగేయండి, రుచికి ఆకలి ఎరిక లేకపోవడం. కడుపు నిండే ఉంటుంది కానీ నాలుక ఒకే ఒక్క వస్తువు కోసం పీకుతుంటుంది, దాని బదులు ఇంకోటి పెడితే ఊరుకోదు.

క్లాసులో నేను చెప్పే ఉదాహరణ ఒకటుంది. కొండ మీద ధర్మదర్శనం క్యూలో గంటలు గంటలు నిలబడి, బయటికొచ్చి తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూర్చుంటారు కదా, ముందు చక్కెర పొంగలి కాస్త, తరవాత వేడన్నం, సాంబారు, రసం. అప్పుడు సాంబార్లో ఉప్పు సరిపోయిందా, అందులో ఏం కూరగాయ వేశారు అని ఎవరన్నా చూస్తారా? చూడరు. ఇంట్లో వంకాయ అంటే మొహం తిప్పుకునే పిల్లలు కూడా మాట్లాడకుండా తింటారు. ఇది హంగర్.

ఇప్పుడు రెండో సీను. మామిడి కాలంలో కాలినడకన ఎక్కుతుంటే మెట్ల పక్కన బుట్ట పెట్టుకున్న అవ్వ తోతాపురి కాయని టెంక దాకా నిలువుగా చీలికలు కోసి, అరచేత్తో అదిమితే అది పువ్వులాగా విచ్చుకుంటుంది, ఆ సందుల్లో ఉప్పూ కారం దోపి ఇస్తుంది. అప్పటికే మీరు ఇడ్లీలు తిని బయల్దేరారు, ఆకలి లేదు ఏం లేదు. కానీ ఆ పులుపు వాసన తగలంగానే దవడల కింద సర్రుమని లాగుతుంది చూడండి, కళ్ళు చిన్నవై నోట్లో నీళ్ళు తిరుగుతాయి, కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి, పక్కన ఎవరో చల్లటి మజ్జిగ ఇస్తానన్నా అక్కర్లేదు, అదే కావాలి. అదీ క్రేవింగ్. చిత్తూరు జిల్లా వాళ్ళకి ఇంకా విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటా, తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీల పక్కన పెరిగిన ప్రాణాలు మనవి.

సైన్సు సంగతి కూడా ఒక్క ముక్క చెప్పుకుందాం. ఆకలి వేసే టైంకి కడుపు గ్రెలిన్ అనే హార్మోన్‌ని రక్తంలోకి వదుల్తుంది, దాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనిపెట్టారు. క్రేవింగ్‌కి మాత్రం కడుపు ఖాళీగా ఉండాలనే రూలు లేదు, ఒక వాసన, ఒక ఫోటో, పాత జ్ఞాపకం ఒకటి చాలు. అందుకే భోంచేసి చెయ్యి కడుక్కుని వచ్చి ఫోన్ చూసినా క్రేవింగ్ పుడుతుంది.

కాబట్టి ఎప్పుడైనా డౌట్ వస్తే మిమ్మల్ని మీరు ఇట్లా అడగండి: దీని బదులు ఇంకోటి ఇస్తే ఊరుకుంటానా? ఊరుకుంటా అంటే హంగర్, ఊరుకోను అంటే క్రేవింగ్.

మూడో మెట్టు: తెలుగులో ఒక్క మాట వెతకొద్దు

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. క్రేవింగ్ ఈజ్ ఈక్వల్ టు కోరిక అని నోట్సులో రాసేసుకుంటారు. కోరిక అంటే ఇల్లు కట్టుకోవాలనేది కూడా కోరికే, కాశీకి పోవాలనేదీ కోరికే, కొండకి పోయి గుండు కొట్టించుకోవాలని మొక్కుకున్నదీ కోరికే. వాటికి క్రేవింగ్ పెడితే నప్పదు.

తిండి దగ్గరైతే మనవాళ్ళు నిజంగా ఏమంటారో వినండి. ‘నోరు ఊరుతా ఉంది’ అంటారు, ‘నాలుక పీకుతోంది’ అంటారు, ‘ఎందుకో పొద్దున్నుంచి పులుసు మీదికే పోతా ఉండాది మనసు’ అంటారు, మా అమ్మయితే ‘ఏందోమ్మా, ఊరుబిండి తినాలని బుద్ధైతా ఉంది’ అంటుంది. ఈ ‘బుద్ధి కావడం’ నాకు భలే ఇష్టం, ఇంగ్లీషు క్రేవింగ్‌కి ఇంత దగ్గరి మాట పుస్తక తెలుగులో ఎంత వెతికినా దొరకదు. కాస్త పెద్దమనిషి భాషలో కావాలంటే జిహ్వచాపల్యం ఉండనే ఉంది, కాకపోతే అందులో కొంచెం వెక్కిరింత కలుస్తుంది, షుగర్ ఉన్న మామ దొంగచాటుగా లడ్డు తింటే అనే మాట అది.

తిండి కానిదానికి వస్తే వేరే మాటలు. ‘షి క్రేవ్స్ అటెన్షన్’ అంటే అందరి కళ్ళూ తన మీదే ఉండాలని వెంపర్లాట. ‘హి క్రేవ్స్ పవర్’ అంటే అధికార దాహం, లేదా పదవీ యావ. ‘ద చైల్డ్ క్రేవ్స్ అఫెక్షన్’ అంటే ఆ బిడ్డ ప్రేమ కోసం మొహం వాచిపోయి ఉంది. చూశారా, దాహం, యావ, మొహం వాచడం, ఇన్ని వేరువేరు మాటలు ఒక్క క్రేవ్ పనిని పంచుకుంటున్నాయి. మొదటి రెండింట్లో తిట్టు ఉంది, మూడోదాంట్లో జాలి ఉంది. ఇంగ్లీషులో క్రేవ్ తనంతట తాను తిట్టదు, జాలిపడదు, పక్కన పడే మాటని బట్టి రంగు మారుతుంది. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఆ రంగు మీరే చూసి వెయ్యాలి.

నాలుగో మెట్టు: వాక్యంలో కూర్చోబెట్టడం

ఇది కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మనకి ఆకలి ‘వేస్తుంది’, అది ‘నాకు’ వేస్తుంది. నాకు తినాలని ఉంది, నాకు బుద్ధైంది, నాకు నోరూరింది. అంటే తెలుగులో ఈ ఫీలింగ్ ఎక్కడ్నుంచో వచ్చి మన మీద పడుతుంది, మనం ఏం చేయట్లేదు, పాపం కూర్చుని ఉన్నాం. ఇంగ్లీషులో అట్లా కాదు, క్రేవ్ చేసేది నేనే. కాబట్టి ‘ఐ’ తోనే మొదలుపెట్టాలి. ‘టు మీ క్రేవింగ్ ఈజ్ కమింగ్’ అని క్లాసులో ఒకావిడ అంది, ఆమె తెలుగు తలకాయతో ఆలోచిస్తే అది వంద శాతం కరెక్టే, ఇంగ్లీషులోనే కుదరదు.

క్రియగా వాడినప్పుడు కావాల్సిన వస్తువుని నేరుగా పక్కన పెట్టేయడమే. ‘ఐ యామ్ క్రేవింగ్ రాగి సంగటి’. మధ్యలో ఫర్ అక్కర్లేదు. కొన్ని డిక్షనరీల్లో క్రేవ్ ఫర్ అని కూడా ఇస్తారు, కాబట్టి ఫర్ పెట్టినంత మాత్రాన కొంపలేం మునగవు, మన దేశంలో చాలామంది పెడతారు కూడా. కానీ ఇప్పుడు వాడుకలో ఎక్కువగా ఉండేది ఫర్ లేనిదే, చెవికీ అదే బాగుంటుంది.

నామవాచకం చేసి వెనకాల వస్తువు పేరు చెప్తే మాత్రం ఫర్ తప్పనిసరి. ‘ఐ హావ్ ఎ క్రేవింగ్ ఫర్ నాటుకోడి పులుసు’. ఇక్కడ ఫర్ తీసేస్తే వాక్యం కుంటుతుంది. నేను పిల్లలకి ఇట్లా గుర్తు చెప్తాను: ముందర ‘ఎ’ ఉంటే వెనకాల ‘ఫర్’ ఉంటుంది.

కంటిన్యువస్ పెట్టొచ్చా అని అడుగుతారు. పాత గ్రామర్ మాస్టార్లు లైక్, వాంట్ లాంటి మనసు క్రియలకి ఐఎన్‌జీ వద్దంటారు కదా, ఆ లెక్కన క్రేవ్‌కి కూడా వద్దనాలి. కానీ ఈ క్షణాన పుట్టిన నోటి కోరికకి అందరూ ‘ఐ యామ్ క్రేవింగ్’ అనే అంటున్నారు, అదే అనండి. ఎప్పుడూ ఉండే గుణానికి మాత్రం ఉత్త క్రేవ్. ‘హి క్రేవ్స్ అటెన్షన్’ అంటే వాడి తీరే అంత, ‘హి ఈజ్ క్రేవింగ్ అటెన్షన్’ అంటే ఈ పూట ఎందుకో అట్లా చేస్తున్నాడు. ఈ తేడా పట్టుకుంటే సగం వచ్చేసినట్టే.

క్రేవింగ్‌తో జత కట్టే క్రియలు కూడా ముఖ్యం, ఎందుకంటే ఇవి లేకపోతే మాట గాల్లో తేలుతుంది. తినేసి తృప్తిపడితే ‘శాటిస్‌ఫై ఎ క్రేవింగ్’. నోరు కట్టేసుకుంటే ‘రెసిస్ట్’, కాస్త అదుపులో పెట్టుకుంటే ‘కర్బ్’. జిహ్వ చంపుకోలేక తినేస్తే ‘గివ్ ఇన్ టు’. మా ఎదురింటాయన డాక్టరు చెప్పాడని నెల రోజులు నోరు కట్టుకుని, గాంధీ రోడ్డులో మిక్చరు వాసనకి లొంగిపోయి పావుకిలో కొనుక్కుని ఇంటికి చేరేలోపలే ఖాళీ చేశాడు, దాన్ని ఇంగ్లీషులో ‘హి రెసిస్టెడ్ ఫర్ ఎ మంత్ అండ్ దెన్ గేవ్ ఇన్’ అంటే సరిపోతుంది. ‘ఫుల్‌ఫిల్ మై క్రేవింగ్’ అనకండి, ఫుల్‌ఫిల్ అనేది కలలకీ ఆశయాలకీ.

ముందర చేర్చే విశేషణాలు: సడెన్, స్ట్రాంగ్, ఇంటెన్స్. అర్ధరాత్రి పుట్టేవాటికి మిడ్‌నైట్ క్రేవింగ్స్. తీపికి షుగర్ క్రేవింగ్. ఇవి చాలు.

ఐదో మెట్టు: కోర్టు కాయితంలో క్రేవ్ కనిపిస్తే కంగారు పడొద్దు

మా బాబాయి కొడుకు లా చదివి చిత్తూరులో ఒక సీనియర్ లాయర్ దగ్గర జూనియర్‌గా చేరాడు. చేరిన వారానికే ఒక రాత్రి ఫోను. “అక్కా, ఈ పిటిషన్‌లో ‘ద పెటిషనర్ క్రేవ్స్ లీవ్ ఆఫ్ దిస్ ఆనరబుల్ కోర్ట్’ అని ఉండాది. మా క్లయింటు రైతు అక్కా, ఆయప్పకి లీవ్ ఏంది? పోనీ లీవే అనుకో, దానికోసం నోరూరేదేంది?” అన్నాడు. తప్పు టైపింగేమో అని ఆ లైను కొట్టేసి పంపాడంట కూడా, తెల్లారి సీనియర్ గారి దగ్గర అక్షింతలు పడ్డాయి.

ఇక్కడ లీవ్ అంటే సెలవు కాదు, అనుమతి. సుప్రీంకోర్టుకి పోయేటప్పుడు వేసే ఎస్‌ఎల్‌పీ, రాజ్యాంగం 136వ అధికరణం కింద వేసేది, స్పెషల్ లీవ్ పిటిషన్, అందులో ఉన్న లీవ్ కూడా ఇదే, అప్పీలు చేసుకోవడానికి ప్రత్యేక అనుమతి. ఇక క్రేవ్ అంటే ఇక్కడ వినయంగా కోరడం. మొత్తం కలిపితే ‘పిటిషనరు గౌరవ కోర్టు వారి అనుమతి కోరుతున్నాడు’ అంతే. ఇందులో ఉప్పూ కారం ఏం లేదు.

నన్నడిగితే ఈ మాట కథ మొత్తంలో రుచి ఇక్కడే ఉంది. పాత ఇంగ్లీషులో ఈ మాట క్రాఫియన్ అని ఉండేది, దానికి అర్థం తహతహ కాదు, నాకు రావాల్సింది నాకివ్వు అని హక్కుగా అడగడం. దీని చుట్టం స్వీడిష్‌లో క్రేవా అని ఇప్పటికీ ఉంది, దానికి డిమాండ్ చేయడం అనే అర్థం. స్కాట్లాండ్‌లో షెరిఫ్ కోర్టులో కేసు వేస్తే, నాకు ఫలానాది ఇప్పించండి అని రాసే భాగానికి పేరే క్రేవ్. అంటే మొదట నోటితో అడగడం, తరవాత బతిమాలి అడగడం, ఆ తరవాతెప్పుడో నోరు తెరవకుండా మనసులోనే పీకులాడటం. అడుగుడు నుంచి ఆశ దాకా వచ్చింది మాట.

ఇదేదో ఇంగ్లీషోళ్ళ వింత అనుకోకండి, మన ‘కోరు’ని చూడండి. అర్జీలో ‘తమరు దయతో మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను’ అని రాస్తాం, అది అడగడం. ‘నా కోరిక’ అంటాం, అది ఆశ. ఒకే వేరు, రెండు పనులు. కాబట్టి కోర్టు కాయితంలో, సభల్లో కనిపించే క్రేవ్‌కి అర్జీలోని ‘కోరడం’ సరిగ్గా సరిపోతుంది, తిండి దగ్గర క్రేవ్‌కి సరిపోదు. చట్టసభల్లో ‘ఐ క్రేవ్ యువర్ ఇండల్జెన్స్’ అని లేచి నిలబడి అంటారు, కాస్త ఓపిక పట్టి నా మాట వినమని మనవి అని అర్థం. పాత మర్యాదల భాష ఇది. ఇంటర్వ్యూలో, ఆఫీసు మెయిల్లో మీరు వాడితే పంచె కట్టుకుని జిమ్‌కి పోయినట్టుంటుంది.

ఆరో మెట్టు: కడుపుతో ఉన్నవాళ్ళ దగ్గర ఈ మాట

ప్రెగ్నెన్సీ క్రేవింగ్స్ అనే మాటకి చాలామంది వేవిళ్ళు అని రాసేస్తున్నారు. తప్పండీ. వేవిళ్ళు అంటే వాంతులు, వికారం, అన్నం వాసన పడకపోవడం, దానికి ఇంగ్లీషులో మార్నింగ్ సిక్‌నెస్ ఉంది. క్రేవింగ్స్ దానికి ఎదురు, ఫలానాదే కావాలి అని మనసు కొట్టుకోవడం. రెండూ ఒకే మనిషికి ఒకే రోజు ఉండొచ్చు, అది వేరే సంగతి.

దీనికి సంస్కృతంలో అచ్చంగా ఒక మాట ఉంది, దోహదం. గర్భిణి కోరికే దోహదం. సుశ్రుత సంహితలో నాలుగో నెల దగ్గర ఈ ప్రస్తావన ఉంది, తల్లిది ఒక గుండె, లోపలి బిడ్డది ఒకటి, కాబట్టి ఆమె అడిగింది తీర్చాలి అని. తరవాత కవులు ఆ మాటని చెట్లకి కూడా పెట్టారు, అశోకానికి ఆడవాళ్ళ కాలు తగలడం దోహదం, అప్పుడది పూస్తుందని. ఇప్పుడు మనం పేపర్లో ‘అభివృద్ధికి దోహదపడుతుంది’ అని చదువుతున్న దోహదం ఇదే. చెప్తే క్లాసులో ఎవ్వరూ నమ్మలేదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మా పక్కవీధిలో ఒక ఇంటి కోడలు ఐదో నెలలో అందరూ పడుకున్నాక వంటింట్లోకి పోయి స్టీలు డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో పోసుకునేది, మూత చప్పుడైతే ఆపింది గానీ పళ్ళ కింద కరకర ఎట్లా ఆపుతుంది, అత్తకి వినపడేసింది. అత్త మంచిది కాబట్టి తిట్టకుండా హాస్పిటల్‌కి తీసుకుపోయింది, రక్తం చూస్తే బాగా తక్కువుంది. బియ్యం, బలపాలు, మట్టి, సున్నం, ఐసు ముక్కలు, ఇట్లాంటివి తినాలని అదే పనిగా అనిపిస్తే దాన్ని ఉత్త క్రేవింగ్ అనరు, పైకా అంటారు. లాటిన్‌లో అది ఒక పక్షి పేరు, కనపడిందల్లా నోట కరుచుకుంటుందని ఆ పక్షికి పేరుంది. ఐరన్ తక్కువున్నవాళ్ళలో పైకా తరచుగా కనిపిస్తుంది, కాబట్టి కడుపుతో ఉన్నా లేకపోయినా ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి, గర్భిణికి 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. డాక్టరమ్మకి ఇంగ్లీషులోనే చెప్పాలనేం లేదు, ‘పచ్చి బియ్యం తినబుద్ధైతా ఉంది’ అని సిగ్గుపడకుండా చెప్తే చాలు.

ఏడో మెట్టు: మందు, సిగరెట్టు దగ్గర

ఇది క్లుప్తంగా. వైద్యంలో క్రేవింగ్ ఒక టెక్నికల్ మాట. అమెరికా సైకియాట్రీ వాళ్ళ రోగ నిర్ధారణ పుస్తకం ఐదో ఎడిషన్ 2013లో వచ్చినప్పుడు, వ్యసనాన్ని గుర్తుపట్టే 11 లక్షణాల్లో క్రేవింగ్‌ని కొత్తగా చేర్చారు. కాబట్టి డీఅడిక్షన్ సెంటర్లో కౌన్సెలరు ‘క్రేవింగ్స్ వస్తున్నాయా’ అని అడిగితే మిర్చి బజ్జీ గురించి కాదు. ఇక్కడ తెలుగులో కోరిక అంటే చాలా చిన్నదైపోతుంది, తహతహ అనొచ్చు, ఒళ్ళంతా పీకడం అనొచ్చు, తాగేవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ‘పొద్దుగూకితే ఆయన మనిషి కాదమ్మా, నిలువలేడు’ అంటారే, ఆ నిలువలేకపోవడమే క్రేవింగ్.

ఎనిమిదో మెట్టు: ఇరుగుపొరుగు మాటలతో కలిపేయకుండా

హంగ్రీ అంటే ఆకలిగా ఉన్న మనిషి, హంగర్ అంటే ఆకలి. ‘ఐ యామ్ హంగర్’ అంటే నేనే ఆకలి అని అర్థం. హంగ్రీలో హ గట్టిగా పలక్కపోతే యాంగ్రీ అయిపోతుంది, ఆకలి కోపం అయిపోతుంది. అయితే ఆకలికి కోపమొచ్చేవాళ్ళ కోసం రెండూ కలిపి హ్యాంగ్రీ అనే మాట పుట్టింది, 2018లో ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీలోకి కూడా ఎక్కింది. మా ఇంట్లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటితే ఆ మాటకి ప్రత్యక్ష ఉదాహరణ ఒకరున్నారు, పేరు రాస్తే రేపు నాకు కాఫీ ఉండదు.

అపెటైట్ వేరే. అది తినాలనే బుద్ధి, తినగలిగే శక్తి. జ్వరమొచ్చి ‘అన్నం సహించట్లేదు’ అంటాం కదా, అది లాస్ ఆఫ్ అపెటైట్. భోజనానికి ముందు చిరుతిండి తిని ఆకలి చంపుకోవడాన్ని ‘స్పాయిల్ యువర్ అపెటైట్’ అంటారు. షేర్లలో డబ్బు పెట్టబోతే బ్యాంకు వాళ్ళు రిస్క్ అపెటైట్ ఎంత అని అడుగుతారు, ఎంత నష్టానికి తట్టుకుని నిలబడతావు అని దాని అర్థం, తినడానికేం పెట్టరు.

స్టార్వింగ్ అంటే అసలు అర్థం తిండి లేక మాడిపోవడం, మాటవరసకి మాత్రం కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి అన్నంత వరకే. పెక్కిష్ అని బ్రిటన్ వాళ్ళంటారు, నాలుగింటప్పుడు టీతో పాటు ఏదన్నా కొంచెం నమిలితే బాగుండు అనిపించే చిరాకలి.

యర్న్ అనేదాన్ని క్రేవ్‌తో బాగా కలిపేస్తారు. యర్నింగ్ మన బెంగ. దూరంగా ఉన్నదాని కోసం, పోగొట్టుకున్నదాని కోసం, మెల్లగా లోపల కాలే బాధ. దుబాయ్‌లో ఉన్న మనూరి అబ్బోడు సంగటి కోసం క్రేవ్ అవుతాడు, వాళ్ళమ్మ కోసం యర్న్ అవుతాడు. ఆ సంగటి దొరికితే క్రేవింగ్ తీరిపోతుంది, అమ్మ చేత్తో కలిపిన సంగటి గుర్తొస్తే అక్కడ రెండూ కలిసిపోతాయి, అప్పుడు ఏ మాట వాడినా తప్పు పట్టను.

కవెట్ అంటే పక్కోడి వస్తువు మీద కన్నేయడం. లస్ట్ సంగతి మీకు తెలుసు. అన్నట్టు, ఆకలి రుచెరగదు సామెతకి మూడో ముక్క కూడా ఉంది, వలపు సిగ్గెరగదు అని. ‘ఐ క్రేవ్ యూ’ అనే వాక్యం ఆ మూడో ముక్కలోకి వస్తుంది, కట్టుకున్నవాళ్ళకి తప్ప ఎవరికీ పంపకండి, ముఖ్యంగా ‘మిస్ యూ’ అనబోయి అది టైప్ చేయకండి. ఫ్రెండ్‌కి అయితే ‘ఐ మిస్ యువర్ కంపెనీ’ చాలు.

ఇక ఉద్యోగం లెటర్‌లో ఏం రాయాలి? కీన్, ఈగర్, ఇంట్రెస్టెడ్. కాస్త కసి కనపడాలంటే ‘హంగ్రీ టు లెర్న్’ ఫరవాలేదు, ఇంగ్లీషులో హంగ్రీకి పట్టుదల అనే మంచి అర్థం ఉంది. క్రేవింగ్‌కి లేదు. మన పిల్లోడి లైను ‘ఐ యామ్ కీన్ టు జాయిన్ యువర్ టీమ్’ అని మార్చి పంపాం.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని

కింది వాక్యాలు చూసి, పక్కన చెయ్యి అడ్డం పెట్టుకుని, ముందు మీరే ఇంగ్లీషులో చెప్పండి.

జ్వరం తగ్గింది గానీ ఏమీ సహించట్లేదు. ‘ద ఫీవర్ ఈజ్ గాన్, బట్ ఐ హావ్ నో అపెటైట్.’ ఇక్కడ హంగర్ వేస్తే సగమే కరెక్టు.

ఇప్పుడే తిన్నా, అయినా ఐస్‌క్రీం మీదికి పోతోంది మనసు. ‘ఐ జస్ట్ ఏట్, బట్ ఐ యామ్ క్రేవింగ్ ఐస్‌క్రీమ్.’

పొద్దున్నుంచి పచ్చి నీళ్ళు కూడా ముట్టలేదు, ఏదున్నా పెట్టు అత్తా. ‘ఐ యామ్ స్టార్వింగ్, ఎనీథింగ్ విల్ డూ.’ ఏదున్నా అన్నారంటే అక్కడ క్రేవింగ్‌కి చోటు లేదు.

వాడికి ఎప్పుడూ పదిమంది చుట్టూ మూగాలి. ‘హి క్రేవ్స్ అటెన్షన్.’ వాడి తీరు కాబట్టి ఐఎన్‌జీ లేదు.

మూడేళ్ళయింది ఊరు చూసి, చెరువుకట్ట కళ్ళలో మెదులుతా ఉండాది. ‘ఐ యర్న్ ఫర్ మై విలేజ్.’ ఇక్కడ ఫర్ ఉండాలి, క్రేవ్‌లాగా తీసేయకూడదు.

కాకరకాయ వేపుడు తినాలని ఎందుకో భలే అనిపిస్తోంది. ‘ఐ హావ్ ఎ సడెన్ క్రేవింగ్ ఫర్ బిట్టర్‌గార్డ్ ఫ్రై.’ ఎ ఉంది, ఫర్ వచ్చింది.

వారం రోజులు రోజుకి రెండు వాక్యాలు మీ ఇంట్లో జరిగిన వాటితోనే రాసుకోండి, పుస్తకంలో ఉన్న యాపిల్స్‌తో, పాస్తాలతో కాదు. మీ నాలుక నిజంగా పీకినప్పుడు రాసిన వాక్యం మర్చిపోరు.

చిత్తూరులో ఉన్న మా లాయరు తమ్ముడు మాత్రం బాగా వంటబట్టించుకున్నాడు. పోయిన వారం వాళ్ళ సీనియర్ గారికి శుక్రవారం ఊరికి పోవాలని వాట్సాప్‌లో ‘ఐ క్రేవ్ లీవ్ టు టేక్ లీవ్ ఆన్ ఫ్రైడే, సార్’ అని పెట్టాడు. ఆయన దగ్గర్నుంచి ఒక్క మాటే వచ్చిందంట, ‘గ్రాంటెడ్’.